జీపు క్లచ్చు మన వాకిట్లోనే మార్చుకోవచ్చా?

మన బస్తీల్లో ఎవరింటి ముందైనా పాత డీజిల్ జీపు నిలబడి ఉందంటే అది షోకు కోసం కొన్నది కాదు. అక్కల్‌కోట్ రోడ్డు షెడ్ల నుంచి టవళ్ల మూటలు, చద్దర్ల మూటలు మోసేది అదే. పెళ్లికి చుట్టాలను తీసుకుపోయేది అదే. అర్ధరాత్రి ఆడపిల్లకు నొప్పులు మొదలైతే ఆస్పత్రికి చేర్చేదీ అదే. అలాంటి బండికి క్లచ్చు పోతే ఒక ఇంటి కూలి ఆగిపోతుంది.

మా బావమరిది జీపుకు ఈ వానాకాలం మొదట్లో అదే జరిగింది. మహీంద్రా వారి పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి. ఏళ్ల తరబడి బరువులు మోసి క్లచ్ ప్లేటు అరిగిపోయింది. అందులో ఎవరినీ తప్పు పట్టేది లేదు, అరగడానికే పెట్టిన సామాను అది. గ్యారేజీలో అడిగితే సామాను, కూలి కలిపి 13 వేలు, బండి అయిదు రోజులు వదిలేయాలి అన్నారు. వాళ్ల కష్టానికి అది ఎక్కువేమీ కాదు కూడా. కానీ మా వాడి చేతిలో అంత లేదు.

మేం నలుగురం కలిసి రెండు రోజుల్లో ఇంటి ముందే ఆ పని చేశాం. సాంచెల మీద జాబరుగా పనిచేసే నేను, మా బావమరిది, నర్సింగ్ గిర్జీ మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైన పక్కింటి మామ, ఐటీఐలో మోటారు మెకానిక్ చదువుతున్న ఒక తమ్ముడు. అప్పటి నుంచి షోలాపూరులోనే కాదు, భివండీలో ఉన్న చుట్టాలు కూడా ఫోను చేసి "మేమూ చేయొచ్చా?" అని అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి చెప్పినట్టు ఉంటుందని ఇది రాస్తున్నాను. చేయొచ్చు. కానీ మిగిలేది కూలి డబ్బు మాత్రమే. జాగ్రత్తలోనూ చిన్న సామానులోనూ మిగిల్చుకుందామంటే ఒళ్లయినా పోతుంది, పనైనా రెండోసారి చేయాల్సి వస్తుంది.

క్లచ్చు మిల్లు మనిషికి కొత్తది కాదు

మన ఊళ్లో 1877లో నడక మొదలుపెట్టిన జూనీ మిల్లు కాలం నాటి సాంచెలను తలుచుకోండి. పైన పొడుగాటి షాఫ్టు ఒకటి పొద్దస్తమానం తిరుగుతూ ఉండేది. ప్రతి సాంచెకూ రెండు పుల్లీలు. ఒకటి ఉత్తగా తిరిగే లూజు పుల్లీ, రెండోది సాంచెను తిప్పే ఫాస్టు పుల్లీ. హ్యాండిలు లాగి బెల్టును లూజు పుల్లీ మీది నుంచి ఫాస్టు పుల్లీ మీదికి జరిపితే సాంచె కదిలేది. పోగు తెగితే మళ్లీ లూజు మీదికి తోసేవారు. షాఫ్టు ఆగదు, సాంచె ఆగుతుంది.

జీపులో క్లచ్చు చేసేది కూడా ఇదే. ఇంజను తిరుగుతూనే ఉంటుంది, చక్రాలకు బలం అందాలా వద్దా అన్నది క్లచ్చు చూసుకుంటుంది. ఇంజను వెనక ఫ్లైవీలు, దానికి ఆనుకుని క్లచ్ ప్లేటు, దాన్ని స్ప్రింగుల బలంతో అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు. మనం పెడలు తొక్కితే రిలీజ్ బేరింగు ముందుకు జరిగి ప్రెషర్ ప్లేటు వేళ్లను నొక్కుతుంది, పట్టు వదులుతుంది. కాలు తీస్తే మళ్లీ పట్టుకుంటుంది. బెల్టు జారితే సాంచె ఎట్లా ఈడ్చుకుంటూ నడుస్తుందో, ప్లేటు అరిగితే జీపూ అంతే.

డీజిల్ ఇంజను తక్కువ స్పీడులోనే గట్టిగా లాగుతుంది. అందుకే దాని క్లచ్చు మీద భారం ఎక్కువ. దానికి తోడు మూటలు, నల్లరేగడి బురద. ప్లేటు పోవడంలో వింత లేదు.

పోయింది క్లచ్చేనా?

గేర్‌బాక్సు దించడం చిన్న పని కాదు. కాబట్టి ముందు రోగం తేల్చుకోవాలి.

ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో మామూలు స్పీడులో పోతూ యాక్సిలరేటరు గట్టిగా తొక్కండి. ఇంజను గోల పెరిగి బండి స్పీడు పెరగకపోతే ప్లేటు జారుతోందని అర్థం. కాలిన వాసన కూడా వస్తుంది. ఒక్కసారి చూసి వదిలేయాలి. పదిసార్లు పరీక్షిస్తే ఉన్న కాస్త ప్లేటూ పోతుంది.

బండి జారడం లేదు గానీ గేరు పడేటప్పుడు, ముఖ్యంగా రివర్సులో, కరకర మంటోందా? క్లచ్చు పూర్తిగా వదలడం లేదన్న మాట. అప్పుడు ముందు పెడలు నుంచి ఫోర్కు దాకా ఉన్న లింకులు చూడండి. వాటి అడ్జస్టుమెంటుతోనే సరిపోవచ్చు, ఏమీ విప్పే పని ఉండదు.

పెడలు తొక్కినప్పుడు గీ మని చప్పుడు వస్తే అది రిలీజ్ బేరింగు. న్యూట్రల్లో చప్పుడు వచ్చి, పెడలు తొక్కగానే ఆగిపోతే అది ఎక్కువగా గేర్‌బాక్సు ముందు బేరింగు. బండి కదిలేటప్పుడు దడదడ వణికితే ప్లేటుకు ఆయిలు తగిలి ఉండొచ్చు, ఇంజను మౌంటింగు రబ్బర్లు పోయి ఉండొచ్చు.

హౌసింగు అడుగున వేలు పెట్టి చూడండి. నల్లటి ఆయిలైతే ఇంజను వెనక సీలు నుంచి వస్తున్నది. చిక్కగా, గంధకం వాసనతో ఉంటే గేరు ఆయిలు. మా జీపులో ఈ రెండోదే కనిపించింది. ఆయిలు కారే చోటు మూయకుండా కొత్త ప్లేటు వేస్తే, తడిసిన బెల్టు వేసినట్టే.

కిందికి దూరే ముందు

మా ఇంటావిడ ముందే గట్టిగా చెప్పింది: "జాకీ ఒక్కదాని మీద బండి పెట్టి కిందికి పోతనంటే మాత్రం నేను ఒప్పుకోను. మా తమ్ముడైనా సరే, మీరైనా సరే." మా గల్లీలో ఒకాయన కాలు జాకీ జారే విరిగింది. ఆయన ఇప్పటికీ సాంచెల దగ్గర నిలబడలేడు, కూర్చుని కండెలు చుడుతున్నాడు. నాలుగు వేలో ఆరు వేలో మిగులుతుందని చేసే పనిలో ఇల్లు గడిచే కాలు పోతే ఏం లాభం?

అందుకని మేం పెట్టుకున్న నియమాలు ఇవి.

నేల గట్టిగా, చదరంగా ఉండాలి. వానకు మెత్తబడిన మట్టి మీద వద్దు. మేం గల్లీ సిమెంటు రోడ్డు మీదే పెట్టాం.

ఎత్తేది జాకీ, మోసేది ఇనుప స్టాండ్లు. స్టాండ్లు ఛాసిస్ కింద పెట్టి, బండిని నాలుగు వైపులా ఊపి చూసి, కదలకపోతేనే కిందికి. ఇటుకలు పెట్టొద్దు, అవి చెప్పకుండా పగులుతాయి.

చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు. దీనికి ఇంకో కారణం ఉంది. ఇలాంటి పాత జీపుల్లో చాలావాటికి హ్యాండు బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉంటుంది. వెనక ప్రొపెల్లర్ షాఫ్టు విప్పారంటే ఇక హ్యాండు బ్రేకు లాగినా ఒకటే, లాగకపోయినా ఒకటే. గేరులో పెట్టినా ఆగదు. దిమ్మెలే దిక్కు.

బ్యాటరీ నెగెటివ్ వైరు మొదట తీసేయాలి. స్టార్టరు వైరుకు పానా తగిలితే నిప్పులు కురుస్తాయి.

ఒంటరిగా ఎవరూ కిందికి పోవద్దు. ఒకరు కింద ఉంటే ఒకరు బయట నిలబడి చూస్తుండాలి. పిల్లలు గుమ్మం దాటి రావద్దు.

దించడం

ఇంజను, గేర్‌బాక్సు చల్లారాక గేరు ఆయిలు డబ్బాలోకి దించాం. జీపు లోపల నేల రేకు మధ్యలో బోల్టులు విప్పితే గేర్‌బాక్సు మీది మూత వస్తుంది. గేరు రాడ్లు తీశాం. పెద్దది ఒకటి, ఫోర్ వీల్‌కూ లో గేరుకూ చిన్నవి రెండు. తర్వాత ముందూ వెనకా ప్రొపెల్లర్ షాఫ్టులు. విప్పే ముందే రెండు వైపులా సున్నంతో గీత పెట్టాం, తిరిగి అదే వరసలో కలపడానికి. స్పీడో మీటరు కేబులు, క్లచ్చు లింకు, హ్యాండు బ్రేకు కేబులు, స్టార్టరు మోటారు.

బోల్టుల కథ వేరే. మా మేనకోడలు ఒక అట్టపెట్టె విప్పి, దాని మీద గేర్‌బాక్సు బొమ్మ గీసి, ఏ చోటి బోల్టును ఆ చోటే గుచ్చి పెట్టింది. ఆఖరికి ఒక్క బోల్టు మిగల్లేదు, ఒక్కటి తక్కువ రాలేదు. కాగితం మీద బొమ్మ ఉంటే గొడవే ఉండదు.

గేర్‌బాక్సు కింద ఉండే అడ్డ పట్టీ తీసే ముందు ఇంజను వెనక భాగం కింద చెక్క పెట్టి జాకీతో ఆనించాలి. ఆ పట్టీయే వెనక బరువు మోస్తుంటుంది. అది తీయగానే ఇంజను వెనక్కి వాలుతుంది, ఫ్యాను పోయి రేడియేటరును కొట్టొచ్చు.

గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు కలిపితే ఒక పెద్ద మనిషి బరువు. దాన్ని రొమ్ము మీద పట్టుకుని దించే మొనగాళ్లను చూశాను. మేం అది చేయలేదు. జీపు పైకప్పు తాడుపత్రి తీసేసి, అటూ ఇటూ రెండు ఎత్తు స్టాండ్లు, వాటి మీద అడ్డంగా గర్డరు పెట్టి చైన్ కప్పీ తగిలించాం. షెడ్డులో భీమును ఎత్తే కప్పీయే. గొలుసు నేల రేకు సందులోంచి కిందికి వేసి గేర్‌బాక్సుకు కట్టాం. మామ కప్పీ దగ్గరే నిలబడ్డాడు. "బరువు గాల్లో ఉన్నంతసేపు దాని కింద నీ చెయ్యి కూడా ఉండొద్దు అల్లుడా. మిల్లుల మాకు నేర్పిన మొదటి పాఠమే గది" అన్నాడు.

హౌసింగు బోల్టులు తీశాక గేర్‌బాక్సును తిన్నగా వెనక్కి లాగాలి. దాని ముందు షాఫ్టు క్లచ్ ప్లేటు మధ్యలో దూరి ఉంటుంది. బయటికి రాకముందే కిందికి వేలాడనిస్తే ప్లేటు వంకర పోతుంది, షాఫ్టూ చెడుతుంది. కప్పీ గొలుసును వేలెడు వేలెడు సడలిస్తూ, ఇద్దరు పక్కల నుంచి ఊపుతూ లాగితే వచ్చేసింది.

ఆ ధూళిని ఊదొద్దు

హౌసింగు లోపల నల్లటి పొడి పేరుకుని ఉంటుంది. గ్యారేజీల్లో గాలి పైపు పెట్టి ఊదేస్తారు. అది చేయొద్దు. పాత క్లచ్ ప్లేట్ల లైనింగులో ఆస్‌బెస్టాస్ వాడేవారు, ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత బయటపడే రోగాలు వస్తాయి. మన బండిలో ఉన్నది ఏ లైనింగో చూసి చెప్పలేం, కాబట్టి ఉన్నట్టే అనుకోవాలి. పత్తి ధూళి మన పెద్దల ఊపిరిని ఏం చేసిందో మిల్లు కుటుంబాలకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మాస్కు కట్టుకుని, నీళ్లు చిలకరించి పొడిని తడిపి, తడి గుడ్డతో తుడిచాం. ఆ గుడ్డలు ప్లాస్టిక్ సంచిలో కట్టేశాం. వేసుకున్న బట్టలు ఇంట్లోకి తేకుండా బయటే నీళ్లలో నానబెట్టాం. మా ఇళ్లలో ఆడవాళ్లు గుమ్మం దగ్గరే బీడీలు చుడతారు, పసిపిల్లలు అక్కడే పాకుతుంటారు. ఆ రెండు రోజులూ చాటలు, పిల్లలు వెనకింట్లోనే.

తెరిచినప్పుడే అన్నీ మార్చాలి

ప్లేటు తీసి చూస్తే లైనింగు రివెట్ల తలల దాకా అరిగింది. రివెట్లు ఫ్లైవీలు మీద సన్నటి గీతలు కూడా పెట్టాయి. ఇక్కడే చాలామంది ప్లేటు ఒక్కటి కొత్తది వేసి మూసేస్తారు. మిగిలిన సామాను ఖర్చు చిన్నది, దాని కోసం మళ్లీ గేర్‌బాక్సు దించడం పెద్దది. ఈ లెక్క మరిచిపోవద్దు.

మేం ప్లేటు, ప్రెషర్ ప్లేటు జతగా మార్చాం. రిలీజ్ బేరింగు మార్చాం. గేర్‌బాక్సు ముందు మూత దగ్గర సీలు, గ్యాస్కెట్టు మార్చాం. ఫ్లైవీలు విప్పి లేత్ షాపులో ముఖం నునుపు చేయించాం. నీలం రంగు మచ్చలుంటే అది వేడికి కాలిందని గుర్తు. లోతైన పగుళ్లు ఉంటే నునుపు చేయించినా లాభం లేదు, మార్చాల్సిందే.

గేర్‌బాక్సు షాఫ్టు కొస ఆనే చోట క్రాంకు చివర పైలట్ బుష్ ఉంటుంది. వెనక పట్టుకోవడానికి చోటు ఉండదు, అది రాదు. మామ దగ్గర పాత ఉపాయం ఉంది. బుష్ రంధ్రం నిండా గ్రీజు కూరి, ఆ రంధ్రానికి సరిగ్గా పట్టే ఇనుప కడ్డీ పెట్టి సుత్తితో కొట్టాడు. గ్రీజుకు పోవడానికి దారి లేక బుష్‌ను వెనక నుంచి తోసింది. మధ్యలో ఇంకో రెండుసార్లు గ్రీజు కూరేసరికి బుష్ చేతిలోకి వచ్చింది. తర్వాత గ్రీజంతా శుభ్రంగా తుడవాలి.

కొత్త రిలీజ్ బేరింగును పెట్రోలులో కడగొద్దు. లోపల కంపెనీ నింపిన గ్రీజు కరిగిపోతుంది.

ఎక్కించడం

ఫ్లైవీలు, ప్రెషర్ ప్లేటు ముఖాలకు వేలి జిడ్డు కూడా ఉండొద్దు. కొత్త సామాను మీద తుప్పు పట్టకుండా నూనె పూసి ఇస్తారు, దాన్ని థిన్నరు గుడ్డతో తుడిచాం. ప్లేటుకు ఏ ముఖం ఎటు అన్నది దాని మీదే రాసి ఉంటుంది. తిప్పి పెడితే క్లచ్చు వదలదు.

ప్లేటు సరిగ్గా మధ్యలో కూర్చోకపోతే గేర్‌బాక్సు షాఫ్టు లోపలికి పోదు. దానికి పాత గేర్‌బాక్సు షాఫ్టు ముక్క దొరికితే మంచిది. మాకు దొరకలేదు. షాఫ్టు కొలతలు ఇస్తే లేత్ షాపు అతను చెక్కతోనే ఒకటి తిప్పి ఇచ్చాడు. దాన్ని ప్లేటు లోంచి పైలట్ బుష్‌లోకి దూర్చి పెట్టి ప్రెషర్ ప్లేటు బిగించాం. ఒక బోల్టు పూర్తిగా బిగించి పక్కదానికి పోవద్దు. ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా, వరసగా. ఆఖరి బిగువు కంపెనీ పుస్తకంలో చెప్పినంత, టార్క్ పానాతో. పుస్తకం ఫోటోలు, పానా రెండూ ఐటీఐ తమ్ముడు తెచ్చాడు.

షాఫ్టు గాళ్లకు గ్రీజు పలచగా పూయాలి. ఎక్కువైతే తిరిగేటప్పుడు చిమ్మి ప్లేటు మీదే పడుతుంది.

గేర్‌బాక్సు ఎక్కించడం దించడం కన్నా కష్టం. షాఫ్టు చివరి రెండంగుళాలు మొండికేస్తుంది. మా బావమరిది "బోల్టులతోటి లాగేద్దాం బావా, అదే కూసుంటది" అన్నాడు. మామ ఒప్పుకోలేదు. హౌసింగు రెండు ముఖాలు చేత్తో కలిసేదాకా బోల్టు ముట్టొద్దు. బోల్టుతో లాగితే హౌసింగు చెవి విరుగుతుంది, లేదా ప్లేటు పాడవుతుంది. టాప్ గేరులో పెట్టి వెనక షాఫ్టు మొనను చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ తోస్తే గాళ్లు కలిశాయి. టక్ మని కూర్చుంది.

అన్నీ బిగించాక పెడలు ఆట చూసుకోవాలి. లింకు రాడ్లున్న పాత జీపుల్లో పెడలు సుమారు ఒక అంగుళం ఉత్తగా కదిలి, ఆ తర్వాత బరువు తగలాలి. ఆట లేకుండా బిగిస్తే రిలీజ్ బేరింగు ఎప్పుడూ నొక్కుకునే ఉండి కొత్త క్లచ్చునే తినేస్తుంది. గేరు ఆయిలు పోయడం మరవొద్దు. స్టార్టు చేసే ముందు ఆయిలు పోశారా, దిమ్మెలు ఉన్నాయా, కింద ఎవరూ లేరా అని నోటితో అడిగి జవాబు వినాలి.

మా లెక్క

ప్లేటు, ప్రెషర్ ప్లేటు 4,200. రిలీజ్ బేరింగు 450. పైలట్ బుష్ 120. సీలు, గ్యాస్కెట్టు 180. లేత్ షాపు పని 600. గేరు ఆయిలు 700. కప్పీ, గర్డరు, స్టాండ్ల బాడిగ 400. థిన్నరు, గుడ్డలు, మాస్కులు, చాయ్ కలిపి 250. మొత్తం 6,900 రూపాయలు.

గ్యారేజీ చెప్పిన దానికీ దీనికీ తేడా 6,100. కానీ ఇందులో సాంచెలకు సెలవు ఒక్కరోజే, రెండో రోజు నా కూలి పోయింది. పానాలన్నీ మా నలుగురి దగ్గర ముందే ఉన్నాయి, కొనాల్సి వస్తే మిగిలేది సగం కూడా ఉండదు. ఇది కూడా లెక్కలో వేసుకునే మీరు నిర్ణయం తీసుకోండి.

ఇంట్లో చేయొద్దని ఎవరికి చెబుతాను?

నలుగురు మనుషులు లేనివారికి వద్దు. స్టాండ్లు, కప్పీ దొరకనివారికి వద్దు. గట్టి నేల లేని చోట వద్దు. ఒక్కరైనా ముందు ఈ పని దగ్గరుండి చూసినవారు లేకపోతే వద్దు. కొత్త రకం బండ్లలో హైడ్రాలిక్ క్లచ్చు, రకరకాల సెన్సార్ల వైర్లు ఉంటాయి, కొన్నింటిలో ఫ్లైవీలే వేరే తీరుగా ఉంటుంది. అవి కూడా వద్దు. అలాంటప్పుడు సామాను మనమే కొనిచ్చి, పాత సామాను తిరిగి చూపించమని అడిగి, కూలి మాట్లాడుకుని గ్యారేజీకి ఇవ్వడమే మేలు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

కొత్త క్లచ్చు నిలవాలంటే

మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నిండు బరువు వేయొద్దు. ప్లేటు, ఫ్లైవీలు ఒకదానికొకటి కుదురుకోవాలి.

నడిచేటప్పుడు పెడలు మీద కాలు ఆనించి పెట్టొద్దు. ఎత్తు మీద బండిని సగం క్లచ్చుతో ఆపి నిలబెట్టొద్దు, బ్రేకు ఉన్నది అందుకే.

అన్నిటికన్నా ముఖ్యమైనది, డబ్బు పెట్టి కొన్న లో గేరును వాడుకోండి. నల్లరేగడిలో చక్రం దిగబడితే మనోళ్లు టూ వీల్లోనే ఇంజను రేపి, క్లచ్చు జార్చి జార్చి బయటికి లాగుతారు. అక్కడే ప్లేటు సగం ఆయుష్షు పోతుంది. ఫోర్ వీల్ వేసి లో గేరులో పెడితే పాత జీపుల్లో చక్రాలకు అందే బలం సుమారు రెండున్నర రెట్లు అవుతుంది. క్లచ్చును ఒక్కసారి వదిలి కాలు తీసేయొచ్చు, బండి మెల్లగా దానంతట అదే ఎక్కి వస్తుంది. తారు రోడ్డు మీదికి రాగానే మళ్లీ టూ వీల్‌కు మార్చాలి. ఎండిన గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్‌లో తిప్పితే షాఫ్టులు, గేర్లు బిగుసుకుంటాయి.

మా బావమరిది ఇప్పుడు ఆ చిన్న రాడ్డును వాడుతున్నాడు. ఇన్నేళ్లూ దానికి సంచి తగిలించేవాడు.